కారులో కంపెనీ స్పీకర్లు మార్చడం: వైరు కోయకుండా, డోరు పాడవకుండా

2021 నవంబరు వానలను తిరుపతిలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. వీధులు ఏరులై పారిన ఆ రోజుల్లోనే మా కారు ఎడమ డోరు స్పీకరు మూగబోయింది. కారేమీ మునగలేదు, డోరులోకి దిగింది పైన పడ్డ వాన నీళ్లే. డోర్ ప్యాడ్ విప్పి చూస్తే, అంతకు రెండేళ్ల ముందు ఒక షాపులో స్పీకర్లు మార్పించినప్పుడు చేసిన పనంతా బయటపడింది. కంపెనీ కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) కోసేశారు. వైర్లు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టారు. ఆ టేపు జిగురు మన ఎండలకు కరిగి జారిపోయింది, రాగి తీగలు పచ్చబడి ఉన్నాయి. లోపలి ప్లాస్టిక్ షీటు సగం చిరిగి వేలాడుతోంది. నీళ్లు నేరుగా స్పీకరు మీదే కారి దాని కాగితపు గిన్నె (కోన్) నానిపోయింది. కుడి డోరు విప్పితే ఇంకో సంగతి తెలిసింది, అక్కడ ప్లస్, మైనస్ తారుమారు. రెండేళ్లపాటు బేస్ లేని పాటలు విని, ఈ స్పీకర్లు ఇంతేలే అనుకున్నాం.

అప్పటినుంచి మా ఇంట్లో, చుట్టాల ఇళ్లలో స్పీకర్లు నేనే మారుస్తున్నాను. ఒక డోరుకు తీరిగ్గా గంటన్నర పడుతుంది. మంచి శబ్దంలో స్పీకరు వాటా ఎంతో, వైరు సరిగ్గా కలపడం, డోరు సరిగ్గా మూయడం వాటా కూడా అంతే. నేను ఏ వరసలో చేస్తానో, ఎందుకలా చేస్తానో ఇక్కడ చెబుతున్నాను.

సెట్టు అసలు ఎంత ఇస్తుంది

స్టీరియో (మన మాటలో సెట్టు) డబ్బా మీద "50 వాట్లు × 4" అని రాసి ఉంటుంది. ఈ అంకె ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే స్పీకరు ఎంపిక సగం తేలిపోతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారు కరెంటు దాదాపు 14.4 వోల్టులు. స్పీకరు నిరోధం 4 ఓంలు. 14.4ను 14.4తో గుణించి 4తో భాగిస్తే 51.8 వస్తుంది. ఆ 50 ఇదే. కానీ అది శబ్దం పూర్తిగా చిరిగిపోయి, అల పైనా కిందా నరికేసినట్టు అయినప్పటి లెక్క. శుభ్రమైన అలకు ఇందులో సగం, అంటే 26 వాట్లు దాటే వీలే లేదు. సెట్టు లోపలి నష్టాలు పోను నిజంగా చేతికి వచ్చేది ఒక్కో స్పీకరుకు 15 నుంచి 20 వాట్లు. దీన్నే ఆర్‌ఎమ్‌ఎస్ అంటారు.

కాబట్టి విడిగా యాంప్లిఫయర్ పెట్టుకోని వాళ్లు "300 వాట్లు" అని పెద్ద అక్షరాలతో రాసిన స్పీకరు కోసం డబ్బు పోయనక్కర్లేదు. చూడాల్సింది సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వినిపిస్తుందో చెప్పే అంకె అది. 88 ఉన్న స్పీకరు చేసే శబ్దానికి 20 వాట్లు కావాలనుకుంటే, 92 ఉన్నదానికి 8 వాట్లు చాలు. ఒక మెలిక ఉంది. కొన్ని కంపెనీలు ఈ అంకెను ఒక వాటుకు కాకుండా 2.83 వోల్టులకు కొలుస్తాయి. 4 ఓంల స్పీకరులో 2.83 వోల్టులంటే రెండు వాట్లు, అంటే అంకె మూడు డెసిబెల్స్ ఎక్కువ కనబడుతుంది. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు ఏ పద్ధతిలో కొలిచారో కూడా చూడండి.

ఓంలు తప్పనిసరిగా సరిపోవాలి. మామూలు కార్లలో 4 ఓంలే ఉంటాయి. ఇంట్లో పాత మ్యూజిక్ సిస్టమ్‌లోంచి తీసిన 8 ఓంల స్పీకరు పెడితే పాడవదు గానీ సెట్టు ఇచ్చే పవరు సగమవుతుంది. 2 ఓంలది పెడితే సెట్టు వేడెక్కుతుంది. వెనక ట్రే మీద "ఇంకో జత కలిపేద్దాం అన్నా" అని డోరు స్పీకరుకే పక్కనుంచి వైరు లాగి ఇంకో 4 ఓంల స్పీకరు కలుపుతుంటారు. రెండు నాలుగులు అలా కలిస్తే రెండు ఓంలే. మే నెల మధ్యాహ్నం రేణిగుంట రోడ్డులో ట్రాఫిక్‌లో ఉండగా సెట్టు దానంతట అదే ఆగిపోతుంటే, కారణం ఇదేనేమో మొదట చూడండి.

బోస్, జేబీఎల్ లాంటి పేరుతో కంపెనీ ఆడియో వచ్చిన కారు మీదైతే ఇక్కడే ఆగండి. వాటిలో సీటు కిందో డిక్కీలోనో వేరే యాంప్లిఫయర్ ఉండొచ్చు, స్పీకర్లు 2 ఓంలవి కావచ్చు. కింద చెప్పే బ్యాటరీ పరీక్ష వాటికి చేయకూడదు.

రెండు వైర్లూ కరెంటువే

మన ఊళ్లో చాలామంది ఎలక్ట్రీషియన్లకు హెడ్‌లైటు, హారను పని అలవాటు. అక్కడ ప్లస్ ఒక్కటే వస్తుంది, మైనస్ బాడీకి కలుస్తుంది. స్పీకరు విషయంలో ఈ అలవాటు సెట్టును చంపేస్తుంది. ఇప్పటి స్టీరియోల్లో ఒక్కో స్పీకరును రెండు యాంప్లిఫయర్లు చెరో వైపునుంచి నడుపుతాయి. ఒకటి నెట్టినప్పుడు ఇంకొకటి లాగుతుంది. పాట లేనప్పుడు కూడా రెండు వైర్ల మీదా బ్యాటరీలో సగం, అంటే ఆరు ఏడు వోల్టులు ఉంటాయి. మైనస్ అనిపించే వైరును డోరు ఇనుముకు తగిలిస్తే షార్టే. రెండు స్పీకర్ల మైనస్‌లు ఒకటిగా కలపడం కూడా అంతే తప్పు. ప్రతి స్పీకరుకూ రెండు వైర్లు సెట్టు దాకా విడివిడిగా పోవాలి.

రంగుల సంగతి. బయట కొనే స్టీరియోల వైర్లకు ఒక వాడుక స్థిరపడిపోయింది. ముందు ఎడమ తెలుపు, ముందు కుడి బూడిద, వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి ఊదా. అదే రంగు మీద నల్ల చార ఉంటే మైనస్. పసుపు బ్యాటరీ నుంచి ఎప్పుడూ వచ్చే కరెంటు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు బాడీ, తెల్ల చార ఉన్న నీలం యాంప్లిఫయర్‌ను లేపే వైరు. కానీ ఈ రంగులు కారులో కంపెనీ వేసిన వైరింగుకు వర్తించవు. ప్రతి కంపెనీకీ తనదైన రంగులు. ఒకే కంపెనీలో కూడా మోడలును బట్టి మారతాయి. నెట్‌లో దొరికిన చార్టును నమ్మి కలపకండి, పరీక్షించి రాసుకోండి.

చాలా సెట్ల వెనక ఐఎస్ఓ అనే ప్రామాణిక కప్లర్ ఉంటుంది. ఎనిమిదేసి పిన్నుల రెండు ముక్కలు. స్పీకర్లది "బి" ముక్క. 1, 2 వెనక కుడి; 3, 4 ముందు కుడి; 5, 6 ముందు ఎడమ; 7, 8 వెనక ఎడమ. బేసి అంకె ప్లస్, సరి అంకె మైనస్. మీ కారు కప్లర్ వేరే ఆకారంలో ఉంటే ఆ మోడలుకు తగ్గ మార్పిడి కప్లర్ కొనండి. తిరుపతిలో దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయేవాళ్లతో తెప్పించుకోండి. దానికి పెట్టే డబ్బు చిన్నది. కంపెనీ వైరు కోస్తే మాత్రం వారంటీ మాట వచ్చినప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు.

స్పీకరు కొనే ముందు కొలతలు

డోర్లలో ఎక్కువగా కనిపించేది ఆరున్నర అంగుళాలది. చిన్న కార్లలో ఐదుంపావు, వెనక ట్రేలో ఆరు తొమ్మిది అంగుళాల కోడిగుడ్డు ఆకారం ఉంటుంది. కానీ వెడల్పు కంటే లోతే ఎక్కువమందిని దెబ్బతీస్తుంది. అద్దం పూర్తిగా కిందికి దిగినప్పుడు స్పీకరు మాగ్నెట్ వెనక వేలెడంత ఖాళీ ఉండాలి. అద్దం పైకి ఉన్నప్పుడు కొలిచి కొన్నవాళ్లు, మొదటిసారి అద్దం దించినప్పుడు టక్కుమన్న శబ్దం విని మళ్లీ షాపుకు పోతారు.

కొయాక్సియల్ అంటే ట్వీటరు (సన్నని శబ్దాలు మోగించే చిన్న స్పీకరు) కూడా స్పీకరు మధ్యలోనే ఉన్నది. కాంపోనెంట్ అంటే ట్వీటరు వేరుగా, అద్దం పక్క త్రికోణంలోనో డ్యాష్ బోర్డు మూలలోనో పెట్టేది, బేస్‌నూ సన్నని శబ్దాన్నీ విడదీసే క్రాసోవర్ అనే చిన్న డబ్బాతో వస్తుంది. డోరు స్పీకరు మోకాలి దగ్గర ఉంటుంది, గొంతు కూడా మోకాళ్ల దగ్గర్నుంచే వస్తుంది. ట్వీటరు పైన ఉంటే పాట ఎదురుగా నిలబడి పాడినట్టు ఉంటుంది. అందుకే ముందు డోర్లకు కాంపోనెంట్, వెనక డోర్లకు కొయాక్సియల్ అని నేను చెబుతాను. డబ్బు ఒక్క జతకే సరిపోతే ముందువే మార్చండి. అలిపిరి నుంచి యాత్రికులను తిప్పే టాక్సీ అన్నలకు మాత్రం లెక్క తిరగబడుతుంది, వాళ్ల శ్రోతలు వెనక సీట్లో కదా.

కంపెనీ ట్వీటరు ముందే ఉన్న కారైతే దాని వెనక ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. బేస్‌ను ఆపి సన్నని శబ్దాన్నే లోపలికి పంపడం దాని పని. 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్, 4 ఓంల ట్వీటరు కలిస్తే ఎనిమిదిన్నర వేల హెర్ట్జ్ పైనుంచి మోగుతుంది. కొత్త ట్వీటరు పెట్టేటప్పుడు ఈ కెపాసిటర్‌ను గానీ క్రాసోవర్‌ను గానీ వదిలేసి నేరుగా కలిపితే ఒక్క పాటకే కాలిపోతుంది. ఈ కార్లలో తరచుగా ట్వీటరు వైరు డోరు స్పీకరు వైరులోంచే చీలి పోతుంది. కాబట్టి క్రాసోవర్ ఎక్కడ పెట్టాలో ఆ చీలిక ఎక్కడుందో చూశాకే నిర్ణయించుకోండి.

డోరు విప్పడం

నీడలో పని పెట్టుకోండి. ఎండలో ఉన్న కారులో ప్లాస్టిక్ మెత్తబడుతుంది, టేపు అంటదు, మీకూ ఓపిక ఉండదు. పరికరాలు పెద్దవేం కావు. స్క్రూడ్రైవర్లు, పది నంబరు స్పానరు, ప్యాడ్ సందులో దూర్చి ఎత్తే ప్లాస్టిక్ పట్టీలు, మల్టీమీటర్, పెన్‌లైట్ బ్యాటరీ, ఓ పది డోరు క్లిప్పులు. క్లిప్పులు ముందే కొని పెట్టుకోండి, రెండు మూడు విరగడం ఖాయం.

ముందు అద్దం పూర్తిగా దించండి. ఇది మరిచిపోయి బ్యాటరీ తీసేస్తే మళ్లీ మొదటికి రావాలి. తర్వాత బ్యాటరీ మైనస్ విప్పి ఐదు నిమిషాలు ఆగండి. కొన్ని సెట్లు కరెంటు పోయాక కోడ్ అడుగుతాయి, మీది ఆ రకమైతే కోడ్ కాగితం దగ్గర పెట్టుకున్నాకే బ్యాటరీ ముట్టండి. పసుపు రంగు కప్లర్ గానీ పసుపు గొట్టంలో పోయే వైరు గానీ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది. దాని జోలికి పోవద్దు. ఏ కప్లరైనా విడిపోయి ఉండగా తాళం ఆన్ చేయవద్దు, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంటుంది.

స్క్రూలు దాక్కునే చోట్లు దాదాపు ఒకటే. లోపలి హ్యాండిల్ గిన్నె వెనక చిన్న మూత కింద ఒకటి, డోరు లాగే పిడి గుంటలో ఒకటి రెండు, అంచుల్లో కొన్ని, అద్దం పక్క త్రికోణం వెనక ఒక్కోసారి ఒకటి. ప్యాడ్ రాకపోతే బలం పెంచకండి, ఎక్కడో స్క్రూ మిగిలిందని అర్థం. అన్నీ తీశాక కింది మూలనుంచి పట్టీ దూర్చి ఒక్కో క్లిప్పు విడిపించండి. చివరికి ప్యాడ్ అద్దం అంచుకు వేలాడుతూ ఉంటుంది, పైకి ఎత్తితే వస్తుంది. ఒక్కసారిగా లాగకండి. వెనక హ్యాండిల్ తీగ, స్విచ్ కప్లర్లు ఉంటాయి. ఫోనుతో ఒక ఫోటో తీసుకుని అప్పుడు విడదీయండి.

ఇప్పుడు కనిపించే ప్లాస్టిక్ షీటు గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. అద్దం పక్క రబ్బరు దాటి వచ్చే వాన నీళ్లు డోరు లోపలే కారి, కింది రంధ్రాల్లోంచి పోవాలి. ఆ నీళ్లను మీ వైపు రాకుండా ఆపేది ఈ షీటే. కొన్ని కార్లలో పక్కనుంచి గుద్దితే గాలి ఒత్తిడిని బట్టి పసిగట్టే సెన్సరు డోరులో ఉంటుంది. అది సరిగ్గా పని చేయాలన్నా డోరు మూసి ఉండాలి. నల్లటి జిగురు వెంబడి చాకుతో మెల్లగా కోసి షీటును చెక్కుచెదరకుండా మడవండి. తిరిగి అంటించడానికి బ్యూటైల్ (జిగురు రబ్బరు) టేపు వాడండి. మనకు అసలు వానలు పడేది ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఏప్రిల్‌లో చేసిన తప్పు నవంబరులో గానీ తెలియదు.

పాత స్పీకరే దారి చూపిస్తుంది

కంపెనీ స్పీకరు కప్లర్ ఊడదీసి, స్పీకరును మాత్రం ఇంకా తీయకండి. ఒకటిన్నర వోల్టు పెన్‌లైట్ బ్యాటరీ ఒక్కటి తీసుకుని, దాని రెండు చివరలనూ చిన్న వైర్లతో స్పీకరు రెండు పిన్నులకు అర సెకను తగిలించండి. కోన్ బయటికి వస్తే బ్యాటరీ ప్లస్ తగిలిన పిన్నే స్పీకరు ప్లస్. లోపలికి పోతే తారుమారు చేసి మళ్లీ చూడండి. ప్లస్ పిన్నుకు ఎదురుగా వచ్చే వైరు రంగు కాగితం మీద రాసుకోండి. చార్టుతో పని లేకుండా మీ కారే మీకు చెప్పింది. కోన్ చిరిగి కదలకపోతే, అదే పరీక్ష సెట్టు దగ్గర మొదలుపెట్టి, కొత్త స్పీకరును డోరు కప్లరుకు తాత్కాలికంగా కలిపి చేయండి. అయితే సెట్టు కప్లర్ ఊడదీశాకే. సెట్టు తగిలి ఉండగా బ్యాటరీ పెట్టకూడదు.

మల్టీమీటరుతో ఇంకో రెండు చూడాలి. మంచి 4 ఓంల స్పీకరు మీటరు మీద 3.2 నుంచి 3.8 దాకా చూపుతుంది. మీటరు కొలిచేది తీగ నిరోధం మాత్రమే, అందుకే నాలుగు కంటే తక్కువ. ఏమీ చూపకపోతే లోపల తీగ తెగింది. రెండోది, సెట్టు కప్లర్ ఊడి ఉండగా ఒక్కో స్పీకరు వైరుకూ డోరు ఇనుముకూ మధ్య కొలవండి. ఏమీ చూపకూడదు. ఏదైనా అంకె వస్తే, డోరుకూ బాడీకీ మధ్య మడతపడే రబ్బరు బూటులో వైరు నలిగి ఉంటుంది. కొత్త స్పీకరు పెట్టే ముందే దాన్ని బాగుచేయాలి.

కొత్త స్పీకరుకు ప్లస్ గుర్తు ఉంటుంది. లేకపోతే వెడల్పు పిన్ను ప్లస్, సన్నది మైనస్. అనుమానం ఉంటే దీనికీ బ్యాటరీ పరీక్షే.

వైరు మార్చాలా అని చాలామంది అడుగుతారు. సెట్టు ఇచ్చే 20 వాట్లకు కంపెనీ వైరు సరిపోతుంది. యాంప్లిఫయర్ పెట్టినప్పుడే ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు వైరు లాగండి. అప్పుడు కూడా డోరులోకి రబ్బరు బూటు లోంచే తీసుకుపోవాలి. డోరు సందులోంచి లాగితే నెల రోజులకే నలిగిపోతుంది.

బిగించడం

కంపెనీ స్పీకరు మూడు స్క్రూలతో ఉంటే సుఖం. రివెట్లతో ఉంటే డ్రిల్లుతో వాటి తలలు తీయాలి. అప్పుడు కొత్త స్పీకరును దూరంగా పెట్టండి. ఇనుప రజను మాగ్నెట్‌కు అంటుకుని సందులోకి పోతే ఇక గరగర వదలదు. డోరులో రాలిన రజను కూడా తుడిచేయాలి, తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది.

కొత్త స్పీకరు రంధ్రాలు చాలాసార్లు డోరుకు సరిపోవు. మధ్యలో రింగు కావాలి. చెక్కపొడి రింగు చవక, కానీ డోరు తేమకు ఉబ్బిపోతుంది. ప్లాస్టిక్‌ది తీసుకోండి. రింగుకూ డోరుకూ మధ్య మెత్తటి ఫోమ్ పట్టీ చుట్టూ తిప్పండి. దీని వెనక ఒక కారణం ఉంది. కోన్ ముందుకు నెట్టే గాలీ, వెనక్కి లాగే గాలీ సందులోంచి కలిసిపోతే బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఖరీదైన స్పీకరు పెట్టినా చప్పగా ఉండటానికి తరచుగా ఈ సందే కారణం. బయటి రేకు లోపలివైపు అక్కడక్కడా డ్యాంపింగ్ షీటు అంటిస్తే డోరు డప్పులా మోగడం తగ్గుతుంది. రేకులో మూడో వంతు కప్పినా తేడా బాగా తెలుస్తుంది. తారుతో చేసిన చవక షీటు మన ఎండలకు కరిగి వాసన కొడుతుంది, బ్యూటైల్‌దే కొనండి. డోరు అడుగు రంధ్రాలు మాత్రం మూయకండి.

కలపడానికి మీ కారు కప్లరుకు సరిపోయే చిన్న మార్పిడి వైరు దొరికితే అదే వాడండి. దొరకకపోతే సాల్డరింగ్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ వేసి, వైరు ఊగకుండా వైర్లు కట్టే పట్టీతో కట్టండి. మెలిపెట్టి టేపు చుట్టే పని వద్దు. పాత స్పీకరు మీద నీళ్లు పడకుండా ఆపే ప్లాస్టిక్ గొడుగు ఉంటే దాన్ని కొత్తదాని మీదికి మార్చండి.

వినడం

ప్యాడ్ పెట్టకముందే పరీక్షించాలి. విడదీసిన స్విచ్ కప్లర్లన్నీ కలిపాక బ్యాటరీ బిగించి సెట్టు ఆన్ చేయండి. బ్యాలెన్స్ ఒకసారి పూర్తిగా ఎడమకు, ఒకసారి కుడికి, ఫేడర్ ముందుకు, వెనక్కి తిప్పి ప్రతి మూల తన వంతు మోగుతోందా చూడండి. తర్వాత మృదంగం బాగా వినిపించే కీర్తన ఒకటి పెట్టండి. ఎడమ చేతి తొప్పి గుమ్మనే నాదం కారు మధ్యలో నిండుగా ఉండాలి. బ్యాలెన్స్ మధ్యలో ఉన్నప్పుడు పలచబడి, ఒక పక్కకు తిప్పగానే ఆ నాదం పెరిగితే ఒక స్పీకరు తిరగబడి కలిసింది. ఒకటి ముందుకు వస్తుంటే ఇంకోటి వెనక్కి పోతోంది. మా కారులో రెండేళ్లు జరిగింది ఇదే. తాళాలు వింటే ట్వీటరు సంగతి తెలుస్తుంది, ప్రతి దెబ్బా విడిగా తెలియాలి గానీ చెవిలో గుచ్చకూడదు.

సెట్టులో హై పాస్ ఫిల్టర్ ఉంటే 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. డోరు స్పీకరు మోయలేని లోతైన బేస్ దానిమీద పడదు, ఎక్కువ వాల్యూమ్‌లోనూ గొంతు శుభ్రంగా ఉంటుంది. వాల్యూమ్ ఎక్కడ చిరగడం మొదలవుతుందో చూసి, దానికి రెండు మెట్లు కింద ఆగడం మీ హద్దు.

బాగుందనిపిస్తే షీటు తిరిగి అంటించి, ప్యాడ్‌ను పైనుంచి తగిలించి, క్లిప్పులు ఒక్కోటే అరచేత్తో తట్టండి. అద్దం దానంతట అదే పైకి పోయే రకమైతే, పూర్తిగా పైకి తీసుకుపోయి స్విచ్చును కొన్ని సెకన్లు పట్టుకుంటే, బ్యాటరీ తీసినప్పుడు మరిచిపోయిన ఆ పనిని చాలా కార్లలో మళ్లీ గుర్తు తెచ్చుకుంటుంది. వారం తర్వాత ఘాట్ రోడ్డు ఎక్కి దిగండి, ఆ మలుపుల్లో ఏ క్లిప్పు వదులుగా ఉందో గలగలమని తెలిసిపోతుంది. మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు డోరు కింద కార్పెట్ తడిగా ఉందేమో చేత్తో తడిమి చూడండి. వైర్ల రంగులు రాసుకున్న కాగితాన్ని గ్లోవ్ బాక్సులో, పాత స్పీకర్లను వాటి స్క్రూలతో సహా ఒక సంచిలో కట్టి అటక మీద పెట్టండి. కారు అమ్మేటప్పుడు కొత్తవి తీసుకుని పాతవి అరగంటలో తిరిగి బిగించవచ్చు, ఎందుకంటే కప్లర్ కోయలేదు.